ప్రభుత్వంలో సామాజిక పరిశోధన ఉద్యోగం: సీమ జిల్లాల నుంచి ఎలా మొదలుపెట్టాలి

అనంతపురం ఎస్కేయూలోనో, కడప యోగి వేమనలోనో, కర్నూలు రాయలసీమ యూనివర్సిటీలోనో సోషియాలజీ, రూరల్ డెవలప్‌మెంట్, ఎకనామిక్స్, సోషల్ వర్క్ లాంటివి చదివి, "సోషల్ రీసెర్చర్" అనే పేరుతో నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని చూస్తున్నారా? ఆ పేరుతో పడదు. పని ఉంది, జీతమూ ఉంది, కాకపోతే వేరే పేర్లతో ఉన్నాయి. అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్, జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్, సోషల్ ఆడిట్ రిసోర్స్ పర్సన్, యంగ్ ప్రొఫెషనల్, ప్రాజెక్ట్ అసోసియేట్, మానిటరింగ్ కన్సల్టెంట్. పేరు ఏదైనా చేసే పని ఒకటే. జనం ఎలా బతుకుతున్నారో పద్ధతిగా అడిగి తెలుసుకుని, సర్కారు నిర్ణయం తీసుకునేటప్పుడు పనికొచ్చేలా రాసివ్వడం.

ఈ దారి గురించి ఎవరిని అడిగినా ఒకే వరస చెబుతారు. ముందు పీజీ, ఆ తర్వాత కోచింగ్, ఆ తర్వాత పరీక్ష, ఉద్యోగం వచ్చాక ఊళ్లు తిరగడం. నేను ఆ వరసను తిరగేసి చెబుతాను. ముందు ఊళ్లు తిరగండి. లెక్క పుట్టేది గడప దగ్గర. అక్కడ తప్పుగా రాసుకున్నదాన్ని ఢిల్లీలో ఎంత గొప్ప నిపుణుడు కూర్చున్నా సరిదిద్దలేడు. చదువుతూనే, పరీక్షకు తయారవుతూనే, మీ జిల్లా దాటకుండానే ఆ పని నేర్చుకోవచ్చు.

ఇందుకు సీమ పిల్లలకు ఉన్న వీలు చాలా ప్రాంతాల వాళ్లకు లేదు. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదలుపెట్టింది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ ఏడాదే అనంతపురం జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ, అంటే కాగితం మీద రాసిన పనులను జనమే సరిచూసే సోషల్ ఆడిట్, జరిగింది. అంతకు ముందు 1990లలో ఐక్యరాజ్యసమితి సాయంతో నడిచిన పేదరిక నిర్మూలన ప్రయోగానికి ఎంచుకున్న జిల్లాల్లో కర్నూలు, అనంతపురం ఉన్నాయి. ఓర్వకల్లు పొదుపు సంఘాలకు పేరొచ్చింది అక్కడి నుంచే. 2018లో కేంద్రం ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల్లో (వెనకబడ్డాయని ప్రత్యేక శ్రద్ధకు ఎంచుకున్నవి) మన రాష్ట్రం నుంచి తీసుకున్న మూడింటిలో కడప ఒకటి. ప్రభుత్వాలు ఇక్కడ దశాబ్దాలుగా ఏదో ఒకటి చేసి చూస్తూనే ఉన్నాయి. చేసిన ప్రతిదానికీ ఫలితం కొలిచే మనిషి కావాలి.

మొదట మీ మండలాఫీసుకు పోయి రండి

చాలామంది పీజీ విద్యార్థులకు తమ మండలంలో గణాంకాల అధికారి ఒకరున్నారన్న సంగతే తెలియదు. అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్, పొట్టిగా ఏఎస్‌ఓ అంటారు. రాష్ట్ర అర్థగణాంక శాఖ మనిషి. పైన జిల్లా కేంద్రంలో ముఖ్య ప్రణాళికాధికారి, అంటే సీపీఓ ఉంటారు. వాన ఎంత పడింది, ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేశారు, సరుకుల ధరలు ఎలా ఉన్నాయి, ఈ లెక్కలన్నీ ఆ దారిలోనే పైకి పోతాయి. జిల్లా హ్యాండ్‌బుక్ ఆఫ్ స్టాటిస్టిక్స్ వచ్చేది సీపీఓ ఆఫీసు నుంచే. ఒక పాత సంచిక సంపాదించి, మీ మండలం వరసలన్నీ ఒకసారి చదవండి.

ఆ తర్వాత ఏఎస్‌ఓను మర్యాదగా ఒక మాట అడగండి. "సార్, ఈసారి పంట కోత ప్రయోగం ఎప్పుడుంది? నేనూ వచ్చి చూడొచ్చా?" ఆసక్తితో వచ్చిన పిల్లలను కాదనేవాళ్లు తక్కువే. వరి చేలో 5 మీటర్లు పొడవు, 5 మీటర్లు వెడల్పు గడి కొలిచి, చుట్టూ తాడు కట్టి, లోపలున్న పైరు కోసి, కొట్టి, తూకం వేస్తారు. చూసేటప్పుడు ఒక్క సంగతి మీద కన్నేసి ఉంచండి. గడి ఎక్కడ వేయాలో ముందే తీసుకున్న ర్యాండమ్ నంబరు చెబుతుంది. ఆ నంబరు చూపిన చోట పైరు పలచగా ఉండొచ్చు, గట్టు పక్కన ఏపుగా ఉండొచ్చు. అయినా తాడు నంబరు చూపిన చోటే పడాలి. నాలుగడుగులు జరిపితే బీమా లెక్క కట్టే ఆ యూనిట్ (ప్రాంతం) దిగుబడి మారిపోతుంది, దాన్ని బట్టి వచ్చే పంటల బీమా పరిహారం మారిపోతుంది. శాంప్లింగ్ మీద ఒక సెమిస్టర్ పాఠం చెప్పలేనిది ఆ ఒక్క పొద్దులో అర్థమవుతుంది.

మిగతా చోట్లు ఇవి. కేంద్రంలో జాతీయ గణాంక కార్యాలయం, 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే ఇప్పుడు దాని కిందే ఉంది. ఉద్యోగాలు, నిరుద్యోగం లెక్కతేల్చే పీఎల్‌ఎఫ్‌ఎస్, కుటుంబాల ఖర్చుల సర్వే వాళ్లవే. జనగణన హోంశాఖ కింద ఉంటుంది. నీతి ఆయోగ్‌లో పథకాల మూల్యాంకనానికి డీఎంఈఓ అనే కార్యాలయం 2015 నుంచి ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి మీద ఎన్ఐఆర్‌డీపీఆర్, బేగంపేటలో ఆర్థిక, సామాజిక అంశాల మీద సెస్ పరిశోధన సంస్థలు. రాష్ట్రంలో పొదుపు సంఘాలు, పేదరిక నిర్మూలన పని చూసే సెర్ప్, సామాజిక తనిఖీ సంస్థ. వీటిలో ఏది మీకు సరిపోతుందో తేలేది మీ డిగ్రీని బట్టి.

డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉందా లేదా

ఇది ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే తర్వాత మార్చలేరు.

కేంద్ర స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) డిగ్రీ స్థాయి పరీక్ష సీజీఎల్ ద్వారా భర్తీ చేసే జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ (జేఎస్‌ఓ) పోస్టుకు ఏ డిగ్రీ అయినా సరే, ఇంటర్ గణితంలో 60 శాతం ఉండాలి. లేకపోతే డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, తర్వాత బీఏ వైపు వచ్చినవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. మీకు అర్హత ఉండొచ్చు, మీకే తెలియకపోవచ్చు. మూల వేతనం 35,400తో మొదలవుతుంది. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ (ఐఎస్‌ఎస్)కు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగానో, లేదంటే స్టాటిస్టిక్స్‌లో పీజీనో కావాలి. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ (ఐఈఎస్)కు ఎకనామిక్స్‌లో కానీ దాని అనుబంధ సబ్జెక్టులో కానీ పీజీ కావాలి. ఈ రెండింటికీ వయసు 21 నుంచి 30, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు. ఏఎస్‌ఓ పోస్టులు ఏపీపీఎస్సీ వేస్తుంది. అర్హత గడిలో ఏయే సబ్జెక్టులు రాశారో ఆ నోటిఫికేషన్‌లోనే చూడండి, కోచింగ్ సెంటర్ కరపత్రంలో కాదు.

ఇంకా డిగ్రీలో చేరని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే వాళ్లకు ఒక మాట చెప్పండి. సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు స్టాటిస్టిక్స్‌కు చోటు ఉందేమో కాలేజీలో అడగమనండి. కష్టం అని భయపడి వదిలేసిన ఆ ఒక్క సబ్జెక్టు ఇన్ని తలుపులు మూస్తుంది.

మరి సోషియాలజీ, సోషల్ వర్క్ చదివి, గణితం ఎప్పుడో వదిలేసినవాళ్లు? మీ దారి సామాజిక తనిఖీ, సెర్ప్, ఎన్ఐఆర్‌డీపీఆర్ ప్రాజెక్టులు, డీఎంఈఓ లాంటి చోట్ల కన్సల్టెంట్ పోస్టులు. పరీక్షల దారి కంటే ఇది గతుకుల దారి. కానీ మనిషితో మాట్లాడటం, ఊరిని చదవడం మీకు పాఠంలోనే నేర్పారు. సగటు, శాతం, మధ్యగతం, నమూనా లోపం, రెండు సంగతులు కలిసి నడవడానికీ ఒకదానివల్ల ఒకటి జరగడానికీ ఉన్న తేడా, ఈ ఐదూ గట్టిగా పట్టుకుంటే మొదటి రెండేళ్లు బండి నడుస్తుంది. కేంద్రం నడిపే ‘స్వయం’ పోర్టల్లో ఉచిత కోర్సులు ఉన్నాయి.

ఇంట్లో కూర్చొని చేయగలిగిన మొదటి పరిశోధన

ఖర్చు లేని పని ఇది. 2011 జనగణన పట్టికలు ఊరి స్థాయి వరకు ఉచితంగా దొరుకుతాయి. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రతి జిల్లాకూ ఒక ఫ్యాక్ట్‌షీట్ ఇచ్చింది. నమూనా సర్వేల ముడి డేటా కేంద్ర గణాంక శాఖ మైక్రోడేటా పోర్టల్లో ఉంటుంది, పేరు నమోదు చేసుకుంటే దించుకోవచ్చు.

దించుకున్న వెంటనే ఒక చిక్కు ఎదురవుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి, కడప నుంచి కొంత భాగం అన్నమయ్యకు పోయాయి. 2011 లెక్కల్లో "అనంతపురం" అంటే 63 మండలాల పాత జిల్లా. కుటుంబ ఆరోగ్య సర్వేలో "కర్నూలు" అంటే నంద్యాల, ఆళ్లగడ్డ కూడా కలిపి. ఈ సంగతి చూసుకోకుండా పాత జిల్లా శాతాన్ని కొత్త జిల్లాకు అంటగట్టి రాసే నివేదికలు బోలెడు వస్తున్నాయి. ఆదోని వైపు అక్షరాస్యతకూ నంద్యాల వైపు అక్షరాస్యతకూ పొంతన ఉండదు. రెండింటినీ కలిపిన సగటు ఏ ఊరి కథా చెప్పదు.

అందుకే మీ మొదటి అభ్యాసం ఇదే పెట్టుకోండి. ఎక్సెల్‌లో మండలాల పట్టిక ఒకటి తయారుచేయండి. మొదటి గడిలో 2011 నాటి జిల్లా, రెండో గడిలో ఇప్పటి జిల్లా, ఆ తర్వాత జనాభా, అక్షరాస్యులు, సాగుదారులు, వ్యవసాయ కూలీలు. శాతాలను సగటు కట్టకండి. అంకెలను కూడి, కొత్త జిల్లాకు శాతం మళ్లీ కట్టండి. రెండు మూడు రోజుల పని. చేతికొచ్చేది మాత్రం మీ జిల్లాలో చాలా ఆఫీసుల దగ్గర లేని పట్టిక. కొత్త జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఆ లెక్కలు బయటికి వచ్చిన రోజు పాతవాటితో పోల్చి చూపగలిగిన మనిషి మీరే అవుతారు.

ఆ పట్టిక ఆధారంగా ఒక ప్రశ్న తీసుకుని నాలుగు పేజీల నోట్ రాయండి. ప్రశ్న చిన్నదిగా ఉండాలి. "రాయలసీమ పేదరికం" వద్దు. "ఆదోని డివిజన్‌లో ఆడవాళ్ల అక్షరాస్యత ఏ మండలాల్లో అన్నిటికంటే తక్కువ, ఆ మండలాల్లో కూలీల శాతం ఎంత" అన్నది చాలు.

గడప దగ్గర నేర్చుకునేది

ఊళ్లలోకి దిగడానికి నాలుగు మార్గాలున్నాయి. మీ ప్రొఫెసర్లలో ఎవరికైనా ఐసీఎస్‌ఎస్‌ఆర్ (సామాజిక శాస్త్ర పరిశోధనకు డబ్బిచ్చే కేంద్ర సంస్థ) ప్రాజెక్టు ఉంటే ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లు కావాలి, పోయి అడగండి. జాతీయ నమూనా సర్వేకు ఏజెన్సీల ద్వారా కాంట్రాక్టు ఎన్యూమరేటర్లను తీసుకుంటారు. అనంతపురంలో ఆర్‌డీటీ, చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ లాంటి సంస్థలు ఏళ్ల తరబడి ఊళ్లలో పనిచేస్తున్నాయి, వాటి దగ్గర వాలంటీరుగా చేరినా నేర్చుకోవచ్చు. నాలుగోది సామాజిక తనిఖీ. నా లెక్కలో అన్నిటికంటే మంచి బడి అదే.

2005 నాటి ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ గ్రామసభ చేత తనిఖీ చేయించాలని చెప్పింది. మన రాష్ట్రంలో అందుకోసమే 2009లో విడిగా ఒక సొసైటీ పెట్టారు. గ్రామ తనిఖీదారులు కూలి కుటుంబాల పిల్లలే ఉంటారు. సొంత పంచాయతీలో కాకుండా వేరే పంచాయతీకి పంపుతారు. మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, చేతికిస్తారు. ఇంటింటికీ పోయి "ఈ వారం మీరు ఆరు రోజులు పనికి పోయినట్టు రాసినారు, నిజమేనా? డబ్బులు చేతికి వచ్చినాయా?" అని అడగాలి. టేపు పట్టుకుని కుంట పొడవు, లోతు కొలిచి ఎం-బుక్‌లో (పనుల కొలతల పుస్తకంలో) రాసినదానితో సరిచూడాలి. చివరికి గ్రామసభలో చదవాలి, మండల ప్రజావేదికలో అధికారుల ముందు నిలబడి చెప్పాలి. కాగితం మీది మాటకూ నేల మీది నిజానికీ ఉన్న దూరాన్ని కొలవడం, కొలిచినదాన్ని నలుగురి ముందు నిలబెట్టుకోవడం ఇంత సూటిగా నేర్పే చోటు మరొకటి నేను చూడలేదు. ఎన్ఐఆర్‌డీపీఆర్, ముంబయిలోని టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ) కలిసి సామాజిక తనిఖీ మీద 30 రోజుల సర్టిఫికెట్ కోర్సు రూపొందించాయి, అవకాశం వస్తే వదలొద్దు.

ఇక ఊళ్లో ఎలా మెలగాలో చెబుతాను.

పొద్దున్నే పొండి. కూలికి పోయేవాళ్లు ఎనిమిదికల్లా వెళ్లిపోతారు. పల్లెవెలుగు మొదటి బస్సు దొరికితే సరే, లేకపోతే ముందురోజు రాత్రే ఆ ఊళ్లో ఉండేలా చూసుకోండి. సచివాలయంలో, సర్పంచుకు విషయం చెప్పండి. అంతేగానీ సర్పంచు ఇంటి అరుగు మీద కూర్చొని పని మొదలుపెట్టకండి. అక్కడ కూర్చున్నారంటే మీరు ఆయన మనిషి అయిపోయినట్టే, ఇక ఎస్సీ కాలనీలో ఎవరూ మీతో మనసు విప్పరు. మొదటి ఇల్లు కాలనీలోదే ఉండేలా చూసుకోండి. మీ వెంట ఊరి పెద్ద ఎవరైనా వస్తానంటే, "మీకు శ్రమ వద్దు పెద్దాయనా, దారి చూపితే చాలు" అని దండం పెట్టి పంపేయండి.

గడప దగ్గర మొదట ఇంటివాళ్ల ప్రశ్నలకు మీరు జవాబు చెప్పాలి. "యాడ్నుంచి వచ్చినావు నాయనా? ఇండ్లు ఇస్తారా? పింఛను తీసేయడానికి రాయలేదు కదా?" దీనికి తొందరపడి "మంచే జరుగుతుంది అవ్వా" అనకూడదు. అది మాట ఇచ్చినట్టు అవుతుంది. "అవ్వా, ఇది పథకం రాసేది కాదు, తీసేసేది కాదు. జనం ఎట్లుండారో తెలుసుకుంటాండాము. నీ పేరు ఎవరికీ చెప్పము. నీకు ఇష్టం లేని దానికి జవాబు చెప్పొద్దు." ఇంతే చెప్పండి, చెప్పినదానికి కట్టుబడండి. జనగణనకైతే ఇది చట్టం కూడా. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ కాగితాలు ఎవరూ చూడటానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగా కూడా పెట్టలేరు.

ఇప్పుడు అడగడం. "మీ నెల ఆదాయం ఎంత?" అని అడిగితే శెనక్కాయ రైతు నవ్వుతాడు, లేకపోతే నోటికొచ్చిన అంకె చెబుతాడు. ఆయనకు నెల జీతం లేదు కదా. "ముంగారులో ఎన్నెకరాలు ఏసినారు? ఎన్ని మూటలైనాయి? ఏ ధరకు పోయినాయి? విత్తనాలకు, మందులకు ఎంత పెట్టినారు? అప్పు ఎవరి దగ్గర?" ఇలా ఆయన గుర్తుపెట్టుకున్న వరసలోనే అడిగి, కూడికలు మీరు చేసుకోండి.

ఆడవాళ్ల పని గురించి మరింత జాగ్రత్త కావాలి. "మీ ఇంటామె ఏం పని చేస్తుంది?" అని మగాయనను అడిగితే "ఏం లేదు సార్, ఇంట్లోనే ఉంటాది" అంటాడు. ఆ మాట అంటున్నప్పుడే ఆమె వెనక కొట్టంలో రెండు ఎనుముల పాలు పిండుతుంటుంది, ఆ పాలు కేంద్రానికి పోతుంటాయి. ఆయన మాట విని పీఎల్‌ఎఫ్‌ఎస్ ఫారంలో 92 అని వేస్తే ఆమె ఇంటిపని మాత్రమే చేసే మనిషి, కార్మికుల లెక్కలోకి రాదు. 21 వేస్తే ఇంటి వ్యాపకంలో జీతం లేకుండా పనిచేసే మనిషి, లెక్కలోకి వస్తుంది. ఏడాదిలో ఎక్కువకాలం ఇంటిపనే చేసినా, కనీసం 30 రోజులు ఇలాంటి పని చేసి ఉంటే అనుబంధ హోదా కింద ఆమెను రాయాలి. దేశంలో ఎంతమంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు అని టీవీల్లో వాదించుకునే శాతం ఈ రెండు అంకెల మధ్యే తేలుతుంది. అందుకే ఆమెనే పిలిచి అడగండి. "అక్కా, పొద్దున లేచినకాడి నుంచి ఏమేం చేస్తావు?" అని అడిగి, ఆగండి. ఆమె చెప్పుకుంటూ పోతుంది.

కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు, పనిచేసేవాళ్లకు ఇంకో పరీక్ష ఉంటుంది. దీపావళి దాటిందంటే జనం గుంటూరు వైపు పత్తికి, మిరపకు సుగ్గికి, అంటే కోతల వలసకు, పోతారు. వీధికి వీధి తాళాలు వేసి ఉంటాయి. మీ నమూనాలో వచ్చిన ఇల్లు తాళం వేసి ఉంటే, పక్కనే తెరిచి ఉన్న ఇంట్లో అడిగి ఫారం నింపేయాలని చేతులు లాగుతాయి. తెరిచి ఉన్న ఇల్లు ఎవరిది? బోరు ఉన్న రైతుది, లేకపోతే ముసలాళ్లను, పిల్లలను ఇంటి దగ్గర వదిలి పోగలిగినవాళ్లది. అలా నాలుగిళ్లు మారిస్తే మీ నివేదికలో వలస తగ్గిపోతుంది, పిల్లలు బడిలో ఉంటారు, అప్పులు తగ్గుతాయి. ఊరు బాగుపడినట్టు కాగితం చెబుతుంది, ఊరు మాత్రం మిరపచేలో ఉంటుంది. కాబట్టి తాళం ఉంటే తాళం అనే రాయండి. పక్కింటివాళ్లను ఎప్పుడు పోయారో, పిల్లలను తీసుకుపోయారో లేదో అడిగి, తేదీ వేసి పెట్టుకోండి. ఫోన్ నంబరు దొరికితే మాట్లాడండి. ఇల్లు మార్చడానికి సర్వే నియమాలు ఒప్పుకుంటే ఆ నియమం చెప్పిన పద్ధతిలోనే మార్చండి. తాళం వేసిన ఇళ్లు ఎన్నో నివేదిక మొదటి పేజీలో ఉండాలి. ఉగాదికి మనుషులు తిరిగొచ్చాక మళ్లీ వెళ్లే వీలుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు సర్వేలన్నీ ట్యాబ్‌ల మీదే. జీపీఎస్, టైము అన్నీ పడతాయి కాబట్టి ఇంట్లో కూర్చొని ఫారాలు నింపే రోజులు పోయాయని అంటారు. ట్యాబ్ మీరు ఊళ్లో ఉన్నారని మాత్రమే చెబుతుంది, ప్రశ్న అడిగారని చెప్పదు. దాని పక్కన ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. గడుల్లో పట్టని మాటలు, జనం అన్నది అన్నట్టుగా, వాళ్ల యాసలోనే రాసుకోండి. ఆ రాత్రికే సరిచూసుకోండి, తెల్లారితే సగం మరచిపోతారు.

ఆడపిల్లలకు ఒక మాట. సర్వేకు ఇద్దరిద్దరుగా వేయమని అడగండి. తిరుగు బస్సు ఎప్పుడుందో ముందే చూసుకోండి. ఇలా అడిగితే వద్దనుకుంటారేమో అని సంకోచపడొద్దు. ఇళ్లలో ఆడవాళ్లతో మాట్లాడగలిగేది మీరే, మీరు లేకపోతే సర్వేలో సగం ఊరు ఉండదు.

పరీక్షలు

ఇందులో చెప్పాల్సింది తక్కువే, పుస్తకాలు, కోచింగ్ సెంటర్లు చాలా ఉన్నాయి. ఐఎస్‌ఎస్ రాతపరీక్ష 1000 మార్కులు, ఇంటర్వ్యూ 200. ఇంగ్లిష్, జనరల్ స్టడీస్ చెరో వంద, స్టాటిస్టిక్స్ నాలుగు పేపర్లు ఒక్కోటి 200. ఐఈఎస్‌లో కూడా మొత్తం అంతే, స్టాటిస్టిక్స్ బదులు ఎకనామిక్స్ మూడు పేపర్లు, భారత ఆర్థిక వ్యవస్థ ఒకటి. జేఎస్‌ఓకు సీజీఎల్ రెండో దశలో స్టాటిస్టిక్స్ పేపర్ అదనంగా ఉంటుంది, ఆ పోస్టు ఎంపిక చేసుకోవడం మరిస్తే ఆ పేపర్ రాయలేరు. ఏపీపీఎస్సీకి వన్‌టైమ్ ప్రొఫైల్ ఇప్పుడే చేసి పెట్టుకోండి. పరిశోధన వైపు పోవాలనుకుంటే యూజీసీ నెట్ రాయండి, జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే భృతి) వస్తే నెలకు 37,000 వస్తుంది, పీహెచ్‌డీ చేస్తున్నన్నాళ్లు ఇంటి మీద ఆధారపడక్కర్లేదు. జనాభా అధ్యయనాలు ఇష్టమైనవాళ్లు ముంబయిలోని ఐఐపీఎస్ చూడండి, కుటుంబ ఆరోగ్య సర్వే నడిపేది వాళ్లే.

ఒక్క సలహా మాత్రం నాది. ఒక పరీక్ష మీదే నాలుగేళ్లు పెట్టి గదిలో కూర్చోకండి. అవనిగడ్డలోనో హైదరాబాద్‌లోనో హాస్టల్ అద్దె కడుతూ చేతిలో ఏ పని అనుభవమూ లేకుండా ముప్ఫై దాటిన పిల్లలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఏడాదిలో కొన్ని నెలలైనా ఏదో ఒక సర్వేలో పనిచేస్తూ చదవండి. ఇంటర్వ్యూ బోర్డు ముందు తాళం వేసిన ఇళ్ల గురించి మీరు చెప్పగలిగింది పుస్తకం చదివినవాడు చెప్పలేడు.

అధికారి చదివేలా రాయడం

సేకరించడం సగం పని. కలెక్టరాఫీసులోనైనా సచివాలయంలోనైనా మీ నివేదిక చదివే మనిషికి ఐదు నిమిషాలే ఉంటాయి. మొదటి పేరాలోనే ఏం తేలిందో చెప్పండి. రెండో పేరాలో ఎన్ని ఇళ్లు అడిగారో, ఎలా ఎంచుకున్నారో, ఎన్ని దొరకలేదో. మూడోదానిలో ఏం చేయొచ్చో, ఎవరు చేయాలో. మిగతాదంతా వెనక అనుబంధంలో. నివేదికలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే అడుగుతారు కాబట్టి ఆ ఇంగ్లిష్ సాఫీగా రాయడం నేర్చుకోండి. తెలుగులో ఒక పేజీ సారాంశం ఎవరూ అడగకపోయినా జతచేయండి. గ్రామసభలో చదవగలిగేది అదే.

కష్టమంతా అధికారికి నచ్చని సంగతి తేలినప్పుడు వస్తుంది. పథకం వందశాతం అందిందని పైకి చెప్పేసి ఉంటారు, మీ లెక్కలో అందనివాళ్లు కనిపిస్తారు. "ఈ అంకె కాస్త చూడండి" అంటారు. చూడమంటే నిజంగానే చూడండి. ముడి ఫారాలు మళ్లీ తెరవండి, లెక్క మళ్లీ కట్టండి, మీ తప్పుంటే దిద్దండి. తప్పు లేకపోతే అంకె మార్చకండి. గొడవ పడాల్సిన పనిలేదు. "సార్, మేము అడిగింది ఇన్ని ఇళ్లు, అందులో అందలేదన్నవి ఇన్ని, ఈ ఊళ్లలో ఉన్నాయి, కారణం ఇది అంటున్నారు" అని ఊరి పేర్లతో చెప్పండి, ఇంటివాళ్ల పేర్లతో కాదు. ఆధార్ సీడింగ్ కాలేదనో, వేలిముద్ర పడలేదనో, వలస పోయినప్పుడు సర్వే జరిగిందనో కారణం దగ్గర పెడితే, తప్పు ఎవరిదన్న మాట పక్కకు పోయి ఏం చేయాలన్న మాట ముందుకు వస్తుంది. అలా ఒక్క ఊళ్లో పదిమందికి ఆగిపోయిన పింఛను మళ్లీ వచ్చినా మీ నివేదిక పనిచేసినట్టే.

కాంట్రాక్టు సంగతి ముందే తెలుసుకోండి

మొదటి ఉద్యోగం చాలావరకు కాంట్రాక్టో, ఔట్‌సోర్సింగో అవుతుంది. ప్రాజెక్టు అయిపోతే పని అయిపోతుంది. చేరేముందు జీతం ఏజెన్సీ ఇస్తుందా, శాఖ ఇస్తుందా, ప్రయాణ ఖర్చులు జీతంలో కలిసి ఉన్నాయా విడిగా ఇస్తారా, పీఎఫ్ పట్టుకుంటారా అని కాగితం మీద చూసుకోండి. ఊళ్లు తిరిగే పనిలో టీఏ లేకపోతే చేతికొచ్చేది సగానికి పడిపోతుంది. ఉద్యోగం ఇప్పిస్తాం, డిపాజిట్ కట్టండి అన్నవాళ్ల దగ్గర నుంచి వెంటనే లేచి వచ్చేయండి.

మానేసేటప్పుడు అనుభవ ధ్రువపత్రం తీసుకోకుండా కదలొద్దు. అందులో సర్వే పేరు, మీ హోదా, చేరిన తేదీ, మానిన తేదీ, తిరిగిన మండలాలు ఉండాలి. జనం ఇచ్చిన సమాచారం, వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం మీ ల్యాప్‌టాప్‌లో ఉంచుకోకండి. ఆఫీసుకు అప్పగించి, మీ దగ్గరున్న కాపీ తుడిచేయండి.